మన గగన రక్షణకు ‘ఆకాశ్’
(చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



శత్రు విమానములను నేలమీదనుండి కూల్చు క్షిపణిని గూర్చి నేడు మీకు మనవి చేయుదును. ఇది పరాయి దేశపు వింత గాదు. మీకు రెండు గంటల ప్రయాణ దూరమున, హైదరాబాదు కంచన్‌బాగులోని రక్షణ పరిశోధనశాలలో రూపొందినది. ఆ చెంతనే, 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్ సంస్థ దీనిని ఉత్పత్తి చేయుచున్నది.

1983లో డాక్టర్ అబ్దుల్ కలాం నాయకత్వమున ఆరంభమైన క్షిపణి కార్యక్రమములోని అయిదింటిలో ‘ఆకాశ్’ యొకటి. తొలి ప్రయోగము 1990లో జరిగినది. సైన్యమునకు, వాయుసేనకు లాంఛనముగా అందినది 2015లో. పాతికేండ్లా యని మీరడుగవచ్చును. అడుగదగినదే. కాని ఇందలి యంత్రము సామాన్యమైనది కాదు. సాధారణపు రాకెట్టు మంటకు కావలసిన ప్రాణవాయువును కూడ తానే మోసికొని పోవును. ఇంధనము తీరిన పిదప వడిసెల రాయివలె వేగము తగ్గుచు సాగును. ఆకాశ్ మొదట ఘన ఇంధనముతో ఎగసి, వేగమందుకొన్న పిమ్మట ప్రక్కల నున్న నాలుగు గొట్టములతో గాలిని లోనికి గ్రహించి మంటను నిలుపుకొనును. కొలిమికి తిత్తి ఊదినట్లే. ఇచట వేగమే తిత్తి. అందుచే లక్ష్యమును చేరు వరకు దాని బలము సన్నగిల్లదు.

బరువు 720 కిలోలు, దెబ్బ దూరము సుమారు 25 కిలోమీటర్లు. ఒక్కొక్క ప్రయోగ వాహనముపై మూడు క్షిపణులుండును. ‘రాజేంద్ర’ అను రాడారు శత్రువును కనిపెట్టి, క్షిపణికి దారి చూపును. రాడారు, ప్రయోగ యంత్రము, ఆజ్ఞలిచ్చు గది — అన్నియు బండ్లమీదనే కదలును.

ఎందుకు కదలవలెను? మంచె ఎచట నున్నదో ఎరిగిన అడవిపంది వేరొక గట్టున చేనిలో దిగును గదా! స్థావరము తెలిసిన శత్రువును అంతే. పైగా మంచెనే ముందు పడగొట్టును.

2025 మే నెలలో పాకిస్తాను డ్రోన్ల దాడులను ఎదుర్కొనుటలో ఆకాశ్ పాల్గొన్నది. సేనల కదలికలను ప్రత్యక్షముగా చూపవలదని ఆ దినములలోనే, మే 9న, రక్షణ మంత్రిత్వశాఖ పత్రికలకే గాక ప్రతి పౌరునికిని సూచించినది. మీ బీజాపూరు రోడ్డు మర్రిచెట్ల నీడన సైనిక వాహనములు ఆగినవనుకొనుడు. ఉత్సాహము కొలది ఒక యువకుడు సెల్‌ఫోనుతో ఫొటో తీసి నలుగురికి పంపును. అతనిది దేశద్రోహ బుద్ధి కాదు, సంబరమే. కాని పాతికేండ్ల శ్రమతో సాధించిన చలనము ఆ నిమిషమున వ్యర్థమగును. దండనకన్న ముందు గ్రామసభలో నచ్చజెప్పుట మేలని నా అభిప్రాయము. ఆ మాట మీరు చెప్పిన వినుదురు, మేము చెప్పిన వినరు.

మరియొక సంగతి. అట్టి దినములలో పొలమున తెలియని లోహపు ముక్క పడియున్నచో పిల్లలను దగ్గరకు పోనీయక, ఎవరును ముట్టక, వెంటనే పోలీసు ఠాణాకు కబురంపుడు.