సద్దిమూటకు ఒక లెక్క
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నంతకాలం సెలవు పెట్టాలంటే పై అధికారి ముఖం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు అన్నీ సెలవు రోజులే. కాచిగూడ స్టేషన్ మనకు చేతికందే దూరంలో ఉంది. సాయంత్రం వెంకటాద్రి ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి దారిలో ఉంటాం. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడిచే మన మిత్రులు కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, ఈసారి చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం పోదామంటున్నారు. సంతోషం. అయితే ఏ యాత్ర మాట వచ్చినా బండి గురించి, బస గురించి గంటలు మాట్లాడుకుంటాం గాని, తిండి గురించి మాత్రం "ఇంట్లో ఆడవాళ్లు ఏదో కట్టిస్తారులే" అని వదిలేస్తాం. ఆ "ఏదో" గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు.

ముందుగా ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్, అంటే మనలాగే కాగితాల మధ్య బతికిన ఉద్యోగి. 1830 మే నెలలో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో, డేరాలతో బయలుదేరి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా ప్రయాణం. ఆ వివరాలే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. ఆ పుస్తకం చదివినవారికి తెలుసు, ఆయన గుళ్లూ గోపురాల గురించే కాదు, ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దొరకవు అన్నది కూడా రాసుకుంటూ పోయారు. రైలు లేని, ఫ్రిజ్ లేని రోజుల్లో అంతమందిని తీసుకుపోయి తీసుకురావడం వెనక ఆ రాత ఉంది. నేను ఈరోజు చెప్పదలచుకున్నదీ అదే. సద్దిమూట కట్టేముందు ఒక కాగితం, ఒక కలం పట్టుకోవాలి.

ఎందుకో చెబుతాను. నాలుగైదేళ్ల కిందట వేసవిలో మన వాళ్లం కొందరం రైల్లో తిరుపతి వెళ్తున్నాం. మాలో ఒక పెద్దాయన ఇంటి నుంచి టమాటా అన్నం తెచ్చుకున్నారు. మధ్యాహ్నం వండింది. రాత్రి సగం తిని, మిగతా సగం మూతపెట్టి ఉంచి, పొద్దున్నే ఫలహారంగా తిన్నారు. వద్దని పక్కవాళ్లు అంటే, "వాసన రాలేదు కదా, బాగానే ఉంది. అన్నం పారేస్తే పాపం కాదటయ్యా" అన్నారు. రెండు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. మెట్లెక్కాల్సిన మనిషి ఆసుపత్రి మంచమెక్కి సెలైను పెట్టించుకున్నారు. బి.పి. బాగా పడిపోయిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే కిడ్నీలకు వచ్చేదనీ డాక్టరు చెప్పారు. దేవుడి దయవల్ల కోలుకున్నారు.

ఆయన్ను నేను తప్పు పట్టను. మనం రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ తరం వాళ్లం. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తిన్నవాళ్లం. పారేయమంటే మన చేయి రాదు. కాబట్టి పారేసే అవసరమే రాకుండా ముందే లెక్క కట్టుకోవడం ఒక్కటే మన వయసువాళ్లకు దారి.

ఇప్పుడు అన్నంలో ఏం జరుగుతుందో చూద్దాం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి తాలూకు బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వేడి తగ్గి గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. వాసన రాదు, రుచి మారదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. ఇంకొకటి స్టెఫైలోకాకస్. అది మన చేతుల మీద, ముక్కులో, పుండ్ల మీద ఉంటుంది. వడ్డించే చేతి నుంచి తిండిలోకి చేరుతుంది. దాని విషం కూడా వేడికి లొంగదు. అందువల్ల "మళ్లీ వేడి చేశాం కదా" అన్న ధైర్యం పనికిరాదు.

సామాన్యంగా చెప్పే నియమం ఇది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో వండిన తిండి రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన వేసవిలో 40 డిగ్రీలు మామూలు మాట. అలాగైతే ప్రయాణానికి అన్నమే పనికిరాదా అని మీరు అడగవచ్చు. మన పెద్దలు ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పారు. సూక్ష్మజీవికి తడి కావాలి, పులుపు అంతగా గిట్టదు. అందుకే మనవాళ్లు ప్రయాణానికి చింతపండు పులిహోర కలిపారు, కడక్ జొన్నరొట్టె చేశారు, సత్తుపిండి దంచారు. మొదటిదానిలో పులుపు కాపలా, తక్కిన రెండింటిలో తడి లేకపోవడమే కాపలా.

ఈ లెక్కన మూటను మూడు పద్దుల కింద రాసుకోవాలని నా మనవి.

మొదటి పద్దు, బయలుదేరిన తర్వాత మొదటి భోజనం. పులిహోర ఇందులోకి వస్తుంది. అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా ఆరనివ్వాలి. వేడివేడిగా డబ్బాలో కుక్కితే లోపల ఆవిరి పట్టి గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. అదే ప్రమాదం. పులుసు చిక్కగా కాచి దండిగా కలపాలి. పొద్దున చేసింది మధ్యాహ్నానికి తినేయాలి, రాత్రికి ఉంచవద్దు. పులుపు కీడును ఆలస్యం చేస్తుంది గాని పూర్తిగా ఆపదు. కొబ్బరి చట్నీ, సాంబారన్నం, పప్పన్నం, ఉడికించిన ఆలుగడ్డ కూర ప్రయాణంలోకి వద్దే వద్దు. పాలు పోసి, కాస్త పెరుగు తోడు వేసి కలిపే అన్నం మనందరికీ ఇష్టమే. కాని అది పుల్లబడేదాకా ఉత్త పాలన్నమే. ఎండాకాలంలో దాన్ని నమ్ముకోవద్దు.

రెండో పద్దు, ఆ రాత్రికీ మర్నాటికీ. పెనం మీద తడి పోయేదాకా కాల్చిన జొన్నరొట్టెలు, వాటితో కారప్పొడి, నూనె తేలిన మామిడి తొక్కు, తొక్క వొలుచుకుని తినే అరటిపండు, బత్తాయి. కోసిన పండు ముక్కలు కొనవద్దు.

మూడో పద్దు, ఆపైన ఎన్ని రోజులైనా. అటుకులు, పేలాలు, వేయించిన పల్లీలు, పుట్నాలు, సకినాలు, బెల్లం, సత్తుపిండి. పళ్లు లేనివారికి సత్తుపిండి దేవుడిచ్చిన వరం. మంచి నీళ్లలో కలుపుకుంటే చాలు, పొయ్యితో పని లేదు.

ఇక్కడ మన పొరుగున ఉన్న సంస్థ సంగతి చెప్పాలి. తార్నాకలో మనం రోజూ దాటిపోయే జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైంది. తర్వాత హైదరాబాదుకు తరలి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. బక్కచిక్కిన పిల్లల కోసం ఆ సంస్థ తయారుచేసిన పిండికి 'హైదరాబాద్ మిక్స్' అని పేరు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు. దానిలో సుమారు 330 కెలోరీల శక్తి, 11 గ్రాములకు పైగా ప్రోటీను. చూశారా, ఇది మన సత్తుపిండికి దగ్గర చుట్టమే! పిల్లల ప్రాణం నిలబెట్టడానికి చేసిన పిండి పెద్దల జోలెలోకి కూడా పనికొస్తుంది. పది మందికి ఒక పూటకు గోధుమలు 400 గ్రాములు, శనగలు 160, పల్లీలు 100, బెల్లం 200. లెక్క తేలిక. సుగర్ ఉన్నవారు బెల్లం కలపకుండా, ఉప్పూ జీలకర్ర వేసుకుని మజ్జిగ బదులు నీళ్లతో తాగవచ్చు.

పొడి తిండి అని ధీమా పడకూడదు. బూజు పట్టిన పల్లీని పక్కన పెట్టండి. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్నలు తిని వంద మందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. దాని మూలం అఫ్లటాక్సిన్ అనే బూజువిషమని తేల్చడానికి వెళ్లినవారిలో మన తార్నాక సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు. చేదుగా తగిలిన పల్లీని మింగకుండా ఉమ్మేయాలి. పిండిని బాగా ఆరబెట్టి, తడి లేని స్టీలు డబ్బాలో పోసి, పొడి చెంచాతోనే తీయాలి.

ఇక సలేశ్వరం. అది ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ జనం లోయలోకి దిగుతారు. చైత్రమాసం ఎండ, రాళ్లదారి. ఎండుటాకుల కాలం కాబట్టి అడవిలో పొయ్యి వెలిగించడం మహాపాపం, నిప్పు అంటుకుంటే ఆపలేం. కాబట్టి అక్కడికి మూడో పద్దు తిండే శరణ్యం. ప్లాస్టిక్ తీసుకుపోకూడదు. తిని మిగిలింది అక్కడ పారేయకూడదు, కోతులకు పెట్టకూడదు. వాసనకు ఎలుగుబంట్లు, అడవిపందులు మనుషుల దారికి అలవాటు పడతాయి. ఆ తర్వాత కష్టం అక్కడ కాపురముండే చెంచులకు. తెచ్చిన డబ్బా మళ్లీ మన సంచిలోనే తిరిగి రావాలి.

నీళ్ల లెక్క కూడా కాగితం మీద పెట్టండి. ఎండలో నడిచే రోజు మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకూడదు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పినంతే తాగాలి. వాగు నీరు ఎంత తేటగా కనిపించినా నమ్మవద్దు. తెర్లి, బుడగలతో ఒక నిమిషం మరిగిన నీరే నీరు. అది ఇంట్లోనే కాచి, చల్లార్చి తీసుకుపోవాలి. మన చిన్నప్పుడు రైల్లో మరచెంబు లేని కుటుంబం ఉండేది కాదు. ఆ అలవాటు మళ్లీ తెచ్చుకుందాం.

చేతుల విషయం. వడ్డించే ముందు సబ్బుతో కడగాలి. కడిగే నీళ్లు వేరే సీసాలో ఉంచుకోవాలి. వేలికి పుండు, జలుబు ఉన్నవారు వడ్డన మరొకరికి అప్పగించాలి. తినే చెంచా డబ్బాలో పెట్టకూడదు. ఒకరి పళ్లెంలో మిగిలింది మళ్లీ గిన్నెలోకి పోకూడదు.

మందుల మాట. సుగర్ మాత్ర వేసుకుని, ఇన్సులిన్ తీసుకుని, "గుడి దర్శనం అయ్యాక తిందాం" అని కూర్చోవద్దు. వరుసలో గంటలు గడిచిపోతాయి, కళ్లు తిరుగుతాయి. జేబులో గ్లూకోజు పొడి గానీ చక్కెర పొట్లం గానీ ఉండాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌ను ఎండ తగలకుండా చల్లటి చోట ఉంచుకోవాలి, మంచు ముక్కల మీద పెట్టి గడ్డ కట్టనివ్వకూడదు.

ఎంత జాగ్రత్త పడ్డా విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెంటనే కలిపి తాగించాలి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, సెలైను చాలక డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించి వేలమందిని బతికించారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు సమచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. మూత్రం తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగినా, మలంలో రక్తం పడినా, మాట తడబడినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. యువకుడికి విరేచనాలు ఒక రోజు సెలవు. మనకు అవి ప్రాణాంతకం కావచ్చు. బి.పి. మాత్రలు ఆ రోజు వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరునే అడగాలి.

చివరగా ఒక ప్రతిపాదన. ఇకమీదట సంఘం తరఫున ఏ యాత్ర జరిగినా ఒక సభ్యునికి తిండి లెక్క అప్పగిద్దాం. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలి. వస్తువు పేరు, వండిన వేళ, తినాల్సిన గడువు, ఎంతమందికి, ఎంత పరిమాణం అని అయిదు గడులు గీసుకుంటే చాలు. గడువు దాటిన దాన్ని ఎవరూ ముట్టకుండా చూసే అధికారం ఆయనదే, అధ్యక్షుల వారైనా సరే వినాల్సిందే! మనిషికి ఎంత పడుతుందో అంతే వండితే గడువు దాటేది ఉండదు, అన్నాన్ని పారేశామన్న బాధా ఉండదు. అన్నాన్ని గౌరవించడమంటే చెడిపోయినదాన్ని కడుపులో వేసుకోవడం కాదు, చెడిపోయేంత వండకపోవడం.

పెద్దల మాట సద్దిమూట అన్నారు. ఇప్పుడు మనమే పెద్దలం. మన మాటా, మన మూటా రెండూ చెడకుండా చూసుకుందాం.