నన్ను అడిగారు, కాదన్నాను
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అవయవదానం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇది మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. ఒకప్పుడు నన్ను అడిగారు, నేను కాదన్నాను.

మా తమ్ముడు కూడా ఈ బడిలోనే చదివాడు. 2014లో బండి మీద నుంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. మూడో రోజు డాక్టర్లు బ్రెయిన్ డెడ్ అన్నారు. ఆ సాయంత్రం కో-ఆర్డినేటర్ అనే అమ్మాయి వచ్చి మా పక్కన కూర్చుని, చాలా మెల్లగా, అవయవాలు ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని అడిగింది. మా మరదలు నా వైపు చూసింది. మా అమ్మ మాత్రం, "వాడికి ఇంకా ఊపిరి ఆడుతోంది కదరా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వద్దమ్మా అని పంపించేశాను. మర్నాటికి గుండె కూడా ఆగిపోయింది.

జవాబు నాకు తెలియనిదేం కాదు. తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు కప్పను కోసి చూపించిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుండెను బయటికి తీసి ఉప్పునీళ్ల పళ్లెంలో పెడితే అది కొట్టుకుంటూనే ఉంది. అమ్మాయిలు కిటికీ దగ్గరికి పరిగెత్తారు. "గుండెకు సొంత కరెంటు ఉందిరా, మెదడు చెప్పకపోయినా కాసేపు కొట్టుకుంటుంది" అన్నారు మాస్టారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆస్పత్రి వరండాలో మాత్రం గుర్తు రాలేదు.

తమ్ముడి విషయంలో జరిగిందీ అదే. ఊపిరిని నడిపించే మెదడు కాండం చచ్చిపోయింది. వెంటిలేటర్ గాలి పంపుతోంది కాబట్టి ఛాతీ లేస్తోంది, ఆక్సిజన్ అందుతోంది కాబట్టి గుండె కొట్టుకుంటోంది. కోమా వేరు. కోమాలో మెదడు బతికే ఉంటుంది, మనిషి తేరుకోవచ్చు. మెదడు కాండం చచ్చిపోయాక తిరిగి రావడం లేదు. దాన్ని ఒక్క డాక్టరు చెబితే సరిపోదు. 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి. ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చెయ్యాలి. మార్పిడి ఆపరేషన్ చేసే బృందంలోని వాళ్లు ఆ నలుగురిలో ఉండకూడదు. అవయవాల కోసం ముందే చంపేస్తారేమోనన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆ 1994లోనే, ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశపు మొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. చేసినది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు. గుండెను తీశాక నాలుగు నుంచి ఆరు గంటల్లోపు ఇంకొకరికి అమర్చాలి. అందుకే ట్రాఫిక్ ఆపి అంబులెన్సును పంపిస్తారు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక గుండెను మెట్రో రైల్లో తీసుకెళ్లారు. ఆ వార్త టీవీలో చూస్తూ నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఇక్కడొక సంగతి విడిగా చెప్పాలి. గుండె, కాలేయం, మూత్రపిండాలు ఇవ్వాలంటే సాధారణంగా ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉండగా బ్రెయిన్ డెడ్ కావాలి. అలాంటి మరణాలు తక్కువ. మనలో ఎక్కువమందిమి ఇంట్లో మంచం మీదే పోతాం. అప్పుడు ఇవ్వగలిగినవి కళ్లు, చర్మం లాంటివి. చర్మం కాలినవాళ్ల ప్రాణం నిలబెడుతుంది. ఇందాక తెలుగు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిందిరా, ఇవెవరికి పనికొస్తాయి?" అన్నారు. పనికొస్తాయి మాస్టారూ. ఆపరేషన్‌లో మార్చింది లోపలి లెన్సును. ఇంకొకరికి అమర్చేది కంటి ముందు గడియారం అద్దంలా ఉండే కార్నియాను. షుగరున్నా, బీపీ ఉన్నా, కళ్లజోడున్నా ఫర్వాలేదు. ఎయిడ్స్, రేబిస్ లాంటి కొన్ని జబ్బులుంటే మాత్రం తీసుకోరు.

మా అమ్మ 2019లో పోయింది. అంతకు రెండేళ్ల ముందే, ఏ సందర్భమూ లేకుండా, వత్తులు చేసుకుంటూ అంది: "వాడివి ఇవ్వనివ్వలేదు. నా కళ్లయినా ఇచ్చెయ్యరా." తెల్లవారుజామున పోయింది. వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేశాం. ఆరు గంటల్లోపు తీసుకోవాలి. వాళ్లు చెప్పినట్టు ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా పెట్టాం. ఇంటికే వచ్చారు, అరగంట కూడా పట్టలేదు. మా పెద్దమ్మ, "వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందర్రా" అని ఏడ్చింది. పని అయ్యాక లోపలికొచ్చి ముఖం చూసి, "అలాగే ఉందే" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

ఇలాంటి సభల్లో శిబి చక్రవర్తినీ, దధీచినీ తలుచుకోవడం ఆనవాయితీ. నాకెందుకో ఆ పోలిక నచ్చదు. వాళ్లు బతికుండగా ఇచ్చారు. మనల్ని అడిగేది మనకిక అక్కర్లేనివి.

ఇక నా కార్డు సంగతి. అమ్మ పోయిన నెలకే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని, కార్డు తీసుకుని, బీరువాలో పెట్టి మర్చిపోయాను. ఇంట్లో చెప్పలేదు. రెండేళ్ల తర్వాత మా ఆవిడ పట్టుచీరల కింద చూసి, "ఇదేమిటి?" అంది. ఆ రెండేళ్లలో నాకేదైనా అయ్యుంటే ఆ కార్డు ఎందుకూ కొరగాదు. మనం ఎక్కడ నమోదైనా, ఆ సమయంలో ఆస్పత్రివాళ్లు అడిగేది ఇంట్లోవాళ్లనే. వాళ్లు వద్దంటే వద్దే. "మీ తమ్ముడి దగ్గర మీకే నోరు రాలేదు, నాకు మాత్రం ఎలా వస్తుంది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. వారం రోజుల తర్వాత తనే అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి ముగ్గురం కలిపి మాట్లాడేలా చేసింది. ఆ రోజు ఎవరు ఫోన్ చెయ్యాలో, ఎవరు సంతకం పెట్టాలో అనుకున్నాం. అప్పుడు గానీ నాకు కార్డు తీసుకున్నట్టు అనిపించలేదు.

వేపచెట్టు కింద మన జూనియర్లు బల్ల వేసుకుని ఫారాలు పెట్టారు. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో నమోదు చెయ్యడం కూడా వాళ్లే చూపిస్తారు. కానీ, ఉత్సాహం కొద్దీ అక్కడే నింపెయ్యకండి. ఫారంలో ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు దగ్గరి బంధువు కావాలి. ఇంటికి తీసుకెళ్లి, అన్నాల దగ్గర ఆ సంగతి ఎత్తి చూడండి. మా ఆవిడ మూడో వరసలోనే ఉంది. ఎలా మొదలుపెట్టాలో నాకంటే తనకే బాగా తెలుసు, అడగండి.