హనీఫ్ మహమ్మదు నిలకడ



క్రికెట్టులో వీరత్వమనగా బంతిని మైదానపు హద్దులు దాటించు బాహుబలమే యని లోకము తలచుట వాడుకయైనది. కొట్టదగిన బంతి వచ్చువరకు కొట్టక, తొలగదగిన బంతికి తొలగి, గంటలు దినములుగా మారినను తన చోటు విడువక నిలిచియుండుట కూడ వీరకర్మయే యని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఆ నమ్మకమునకు ఆధారమైన పురుషుడు పాకిస్తాను తొలితరపు ఓపెనరు, ప్రేక్షకులు 'లిటిల్ మాస్టర్' అని ముద్దుగా పిలుచుకొన్న పొట్టివాడు, హనీఫ్ మహమ్మదు.

ఆయన 1934 డిసెంబరు 21వ తేదీన కాఠియావాడములోని జునాగఢ్‌లో జన్మించెను. తల్లి అమీర్ బీ బాడ్మింటనులో పేరు గడించిన క్రీడాకారిణి. ఆమెకు వజీర్, రయీస్, హనీఫ్, ముష్తాక్, సాదిక్ అని కుమారులైదుగురు. దేశవిభజన జరిగి, నవాబు సంస్థానమును విడిచిపోయిన పిమ్మట, ఈ కుటుంబము ఉన్న ఊరిని, ఇంటిని వదలి కరాచీ చేరి, పూజా పునస్కారములు లేక పాడువడిన యొక హిందూ దేవాలయమున తలదాచుకొనెను. అచ్చటి నుండి ఇచ్చటికి వచ్చినవారి గుడిలో ఇచ్చటి నుండి అచ్చటికి పోయినవారు వండుకొని తినవలసివచ్చిన ఆ కాలపు దుఃఖమును తలచుకొన్నప్పుడు, అది ఏ యొక్క దేశమునకు చెందినదని చెప్పుటకు నాకు నోరాడదు.

కరాచీలోని సింధ్ మదర్సాలో ఈ బాలుని చేరదీసి, నారచాప పరచిన పిచ్ మీద బ్యాటు నిటారుగా పట్టుట నేర్పిన గురువు మాస్టర్ అబ్దుల్ అజీజ్. ఆయన కుమారుడే మన సలీం దురానీ. తండ్రి అచ్చట పాకిస్తాను బాలురను తీర్చిదిద్దుచుండగా, కుమారుడు ఇచ్చట భారతదేశము పక్షమున ఆడి, ప్రేక్షకులు కోరినచోట సిక్సరు కొట్టువాడని జనుల ప్రేమకు పాత్రుడైనాడు.

1952 అక్టోబరులో ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా మైదానమున పాకిస్తాను తన మొట్టమొదటి టెస్టు ఆడినది. పదునెనిమిదవ యేడు ఇంకను నిండని హనీఫ్ ఓపెనరుగా దిగుటయే కాక, వికెట్ కీపరు బాధ్యతను కూడ వహించి, తొలి ఇన్నింగ్సులో 51 పరుగులు చేసెను. ఆ టెస్టును మనవారు ఇన్నింగ్సు ఆధిక్యముతో గెలిచిరి. వినూ మన్కడ్ 13 వికెట్లు పడగొట్టిన సంగతి అందరును చెప్పుకొందురు గాని, మన హైదరాబాదు ఆఫ్ స్పిన్నరు గులాం అహ్మదు చివరి వికెట్టుకు హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించి, తాను అర్ధశతకము చేసిన సంగతి తెలుగువారమైన మనమైనను మఱవరాదు.

అప్పటి పాకిస్తాను జట్టు పరిస్థితిని ఇచ్చట కొంచెము ఆలోచింపవలెను. టెస్టు హోదా అప్పుడే చేతికి వచ్చినది, ఆటగాండ్రు కొలదిమంది, వరుసగా ఓడినచో ఆ హోదా వీరికి తగునా యని పరులు ప్రశ్నింపగలరు. అట్టి జట్టునకు ఓపెనరు వికెట్టు పోవుట సగము ఆట పోవుటయే. 1954లో లార్డ్స్ మైదానమున హనీఫ్ మూడు గంటలకు పైగా నిలిచి 20 పరుగులు మాత్రమే చేసినప్పుడు విసిగినవారు పలువురు. కాని ఆ పర్యటనలోనే, ఫజల్ మహమూదు 12 వికెట్లు తీసిన ఓవల్ టెస్టులో, పాకిస్తాను ఇంగ్లండును ఇంగ్లండు గడ్డమీదనే ఓడించినది. పడగొట్టువానికి కీర్తి వచ్చును. కాని ఓటమిని దూరముగా ఉంచుచు వచ్చినవాడు ఒకడుండుట చేతనే ఆ జట్టు తన్ను తాను నమ్ముకొనుట నేర్చినదని నా అభిప్రాయము.

ఇక 1958 జనవరి. బార్బడోసు ద్వీపమున బ్రిడ్జ్‌టౌన్ పట్టణము. ఆరు దినముల టెస్టు. వెస్టిండీసు తొమ్మిది వికెట్లకు 579 పరుగులు చేసి డిక్లేరు చేసినది. పాకిస్తాను 106కే కుప్పకూలి, 473 పరుగుల వెనుకబాటుతో ఫాలో ఆన్ ఆడవలసివచ్చినది. ఇంకను మూడు దినములకు మించిన ఆట మిగిలియున్నది. ఎదుట రాయ్ గిల్‌క్రిస్ట్. అతని బంతులు దేహమును గురిచూచి లేచునవి. తలకు హెల్మెట్టు లేదు. తొడకు కట్టుకొనుటకు తగిన రక్షణ లేక హోటలు తువాలును మడిచి చొప్పించుకొని హనీఫ్ ఆటకు దిగెను. మూడవ దినము సాయంకాలమునకు 61. నాల్గవ దినము ముగియునప్పటికి 161. ఐదవ దినము ముగియునప్పటికి 270. రాత్రియంతయు మేల్కొని మడి మడికి నీరు కట్టు కర్షకుని వలె ఆయన గంట గంటను వేఱుగా గెలుచుకొనుచు పోయెను. ఎండకు కన్నుల క్రింది చర్మము పొరలు పొరలుగా లేచిపోయినది. ప్రతి సాయంకాలమును కెప్టెను కార్దారు, జట్టును కాపాడగలవాడవు నీవే యను భావముతో, ఒక చిన్న చీటీ వ్రాసి ఆయన గదిలో ఉంచెడివాడట. మొదట ఇంతియాజ్ అహ్మదుతో 152, పిదప అలీముద్దీనుతో 112, సయీద్ అహ్మదుతో 154, సొంత అన్న వజీరుతో 121 పరుగుల భాగస్వామ్యములు నడిచినవి. వచ్చినవారు పోవుచుండిరి, ఈయన మాత్రము ఉండెను. ఆరవ దినమున డెనిస్ అట్కిన్‌సన్ బౌలింగులో వికెట్ కీపరుకు చిక్కునప్పటికి ఆయన చేసినవి 337 పరుగులు. నిలిచినది 970 నిమిషములు, అనగా పదునాఱు గంటల పది నిమిషములు. పాకిస్తాను ఎనిమిది వికెట్లకు 657 చేసి డిక్లేరు చేయగా ఆట డ్రా యైనది. టెస్టు క్రికెట్టులో నేటికిని అంతకంటె దీర్ఘమైన ఇన్నింగ్సు లేదు.

ఆయన నెమ్మది స్వభావదోషమని, ఆడలేక ఆడని ఆట యని అన్నవారికి మరుసటి సంవత్సరమే సమాధానము దొరకినది. 1959 జనవరిలో, కరాచీ పార్సీ ఇన్‌స్టిట్యూట్ మైదానమున, కాయిదే ఆజం ట్రోఫీ సెమీ ఫైనలులో బహావల్పూరు జట్టు మీద ఆయన 499 పరుగులు చేసెను. అందులకు పట్టిన కాలము 635 నిమిషములు, ఫోర్లు 64. బ్రాడ్మను 452 పరుగుల రికార్డును దాటుమని ప్రోత్సహించినవాడు ఆ జట్టు నాయకుడైన అన్న వజీరే. ఆ దినపు చివరి ఓవరు నడుచుచుండగా స్కోరుబోర్డు మీద 496 అనియే కనబడుటచే, ఎట్లైనను ఎదురుకొనుట తన వంతు కావలెనని పరుగెత్తి ఆయన రనౌటైనాడు. తీరా చూడగా ఆయన పడిపోయినది అయిదువందలవ పరుగు కొఱకే. ఆ 499, బ్రయన్ లారా 1994లో 501 చేయువరకు, ప్రపంచ రికార్డుగా నిలిచినది. 337 పరుగులకు 970 నిమిషములు, 499 పరుగులకు 635 నిమిషములు: ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచువారికి ఆయన నెమ్మది అశక్తతవలన కలిగినది కాదని, జట్టు అవసరమును చూచి తనకు తాను విధించుకొన్న నియమమని తేటతెల్లమగును. చేతనైన విద్యను అదిమిపెట్టుకొనుట ప్రదర్శించుటకంటె కష్టము.

ఆయన పదకొండు టెస్టులకు నాయకత్వము వహించినాడు. అందు 1967 నాటి లార్డ్స్ టెస్టు మనకు ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. ఇంగ్లండు చేతిలో జట్టు ఓటమి అంచుకు చేరినప్పుడు, తొమ్మిది గంటలు నిలిచి 187 పరుగులతో అజేయుడైన హనీఫునకు ఎనిమిదవ వికెట్టున 130 పరుగుల అండ దొరకినది. ఆ అండ ఇచ్చిన ఆసిఫ్ ఇక్బాలు మన హైదరాబాదున పుట్టి, హైదరాబాదు జట్టు తరఫున రంజీ ట్రోఫీ ఆడి, 1961లో పాకిస్తాను చేరినవాడు. జునాగఢ్ వాడొకడు, హైదరాబాదు వాడొకడు, ఇద్దరును వలసపోయినవారు, కరాచీ చేరి తమదిగా చేసుకొన్న ఆ జట్టు మానమును లండనులో నిలువబెట్టినారు. పదునైదేండ్లకు పూర్వము కోట్లాలో హనీఫునకు ఎదురు నిలిచిన జట్టులోను ఒక హైదరాబాదు వాడుండెను గదా!

1969లో కరాచీలో న్యూజీలాండుతో జరిగిన టెస్టు ఆయనకు చివరిది. దానియందే తమ్ముడు సాదిక్ తొలిసారి ఆడెను, ముష్తాకును ఉండెను, అన్నదమ్ములు మువ్వురు ఒకే జట్టున ఒకేసారి నిలిచినారు. ఐదుగురిలో నలుగురు టెస్టు ఆటగాండ్రైన ఆ ఇంట, 1955లో ఢాకాలో పన్నెండవ ఆటగాడుగా మిగిలిపోయిన రయీసును తలచినప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. ప్రతిభ లేకపోవుటవలన గాక ఒక్క స్థానము లేకపోవుటవలన ఆగిపోయినవారి పేర్లు ఏ పట్టికలలోను కానరావు. హనీఫు మొత్తము 55 టెస్టులలో 12 శతకములతో, సగటు 44కు కొంచెము తక్కువగా 3,915 పరుగులు చేసి, 2016 ఆగస్టు 11న కరాచీలో కన్నుమూసినాడు. ఆయన కుమారుడు షోయబు మహమ్మదును టెస్టు ఓపెనరే. తండ్రివలె క్రీజు వదలుటకు ఇష్టపడనివాడే.