జ్ఞాపకం కోల్పోయినవారి కొరకు నాలుగు అడుగులు

(ఆలయ ప్రవచన మందిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సెప్టెంబరు 21వ తేదీని ప్రపంచ ఆల్జీమర్స్ దినంగా 1994 నుండి పాటిస్తున్నారు. ఆ తేదీకి అటూ ఇటూగా మన దేశంలోని పలు నగరాలలో వైద్యులు, రోగుల బంధువులు, విద్యార్థులు కలిసి ‘మెమరీ వాక్’ పేరుతో ఉదయం వేళ సామూహికంగా నడుస్తారు, విరాళాలు సేకరిస్తారు. మన భక్తులు ఆ నడకలో పాల్గొనాలనీ, శక్తి కొలది ద్రవ్యసహాయం చేయాలనీ కోరడమే నేటి నా ప్రసంగ విషయం. పురాణం చెప్పవలసిన చోట రోగం సంగతి ఎందుకని కొందరికి తోచవచ్చు. కాస్త ఓపికగా వినండి.

మా చదువంతా ధారణ మీద ఆధారపడినది. గురుముఖతః విని, పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మంత్రాన్ని ఎన్నో విధాల వల్లించి నిలుపుకొనే విద్య అది. అందులో ఆరితేరిన ఒక ఘనపాఠిగారిని నేనెరుగుదును. డెబ్బై దాటిన తరువాత ఆయనకు మరపు మొదలైంది. మొదట, ఉదయం సంధ్య వార్చారో లేదో గుర్తుండేది కాదు. పిమ్మట ఇంటి దారి మరచారు. చివరకు సొంత కుమారుణ్ణి చూచి “తమరెవరు నాయనా?” అని మర్యాదగా అడిగేవారు. అయినా ఎవరైనా ప్రక్కన కూర్చుని అనువాకం ఎత్తుకుంటే తక్కినది స్వరం తప్పకుండా తానే చెప్పేవారు! ఈ రోగం సాధారణంగా క్రొత్త జ్ఞాపకాలను మొదట హరిస్తుందనీ, చిన్ననాడు వేళ్ళూనినవి చాలాకాలం నిలుస్తాయనీ వైద్యులు చెబుతారు.

ఆయన స్థితి కంటే ఆ ఇల్లాలి స్థితి నా మనస్సును ఎక్కువగా కలచింది. ఆయన తలుపు తీసుకొని ఎటో వెళ్ళిపోతారన్న భయంతో నాలుగేళ్ళు ఆమె గుడి గడప త్రొక్కలేదు. పరామర్శకు వచ్చిన ఒకాయన, శాస్త్రం చదువుకున్నవాడే, ఇది పూర్వజన్మ పాపఫలమని ఆమె ఎదుటనే అన్నాడు. నాటి నుండి ఆమె ఎవరినీ ఇంటికి రానీయలేదు. భగవద్గీత రెండవ అధ్యాయంలో స్మృతి చెడడాన్ని గురించి ఉన్న మాటను ఇటువంటి రోగులకు అన్వయించేవారూ ఉన్నారు. అక్కడ చెప్పినది కామక్రోధాల వలన వివేకం నశించే క్రమం. మెదడు కణాలు క్షీణించడం వలన వచ్చే రోగానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. శాస్త్రాన్ని తగని చోట ప్రయోగించి ఒక ఇల్లాలిని ఏడిపించడం పాండిత్యం కాదు.

ఇది మెదడుకు వచ్చే వ్యాధి అని జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ 1906లో వైద్యుల సభలో వివరించాడు. తాను పరీక్షించిన ఒక స్త్రీ మరణించిన తరువాత ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో చూచి, కణాల నడుమ పేరుకొన్న పదార్థాన్నీ, కణాల లోపల చిక్కులు పడిన పోగులనూ వర్ణించాడు. ఆమెకు అరవై ఏళ్ళయినా నిండలేదు. కనుక దీనిని ముసలితనపు చాదస్తమని కొట్టివేయరాదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నది. దాని కారణాలలో ప్రధానమైనది ఆల్జీమర్స్. పూర్తిగా నయం చేసే ఔషధం నేటికీ లేదు.

మరి నడిస్తే ఏమవుతుంది? 1992లో కేరళలో ఆరంభమైన ఆల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిసార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు రోగులకు పగటి సంరక్షణ, వారిని చూచుకొనేవారికి శిక్షణ, సలహా అందిస్తున్నాయి. రోగిని పగలు నాలుగు గంటలు మరొకరు చూచుకుంటే ఆ ఇల్లాలు కంటినిండా నిద్రపోగలదు. మన విరాళం చేరవలసినది అటువంటి చోటికి. ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు.

అమెరికాలో ఇటువంటి నడక 1989లోనే మొదలై, నేడు 600కు పైగా ఊళ్ళలో జరుగుతున్నది. అక్కడ నడిచేవారు చేత పువ్వులు పట్టుకుంటారట. రోగికి నీలిరంగు, ఆప్తుని పోగొట్టుకొన్నవారికి ఊదారంగు, సేవచేస్తున్నవారికి పసుపురంగు, సానుభూతిపరులకు నారింజరంగు. ‘మా ఇంట ఈ రోగమున్నది’ అని పదిమంది ఎదుట సిగ్గుపడక చెప్పుకొనే పద్ధతి అది. పిల్లలు అక్కడ ఉన్నవారు వారికి ఈ సంగతి చెప్పండి.

ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడిచే జనం మనం. ఈ రెండు మూడు కిలోమీటర్లు మనకొక లెక్క కాదు. రోగం తొలిదశలో ఉన్నవారిని చేయిపట్టుకొని వెంట తీసుకొని రావచ్చు. అయితే పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన కాగితం వారి జేబులో తప్పక ఉంచండి. క్షేత్రదర్శనానికి వచ్చినప్పుడు కూడా అంతే. క్యూలో చేయి వదిలితే తమ పేరు తాము చెప్పలేరు.

రాదలచినవారు ఆలయ కార్యాలయంలో పేర్లు ఇవ్వండి. ఇది మ్రొక్కుబడి నడక కాదు కనుక చెప్పులు వేసుకొనే రండి. ఇంట రోగిని విడిచి రాలేనివారుంటే ఆ మాట కూడా అక్కడ చెప్పండి. ఆ రెండు గంటలూ వారి ఇంట కూర్చోవడానికి, మోకాళ్ళు సహకరించని నాబోటి వృద్ధులం నలుగురం సిద్ధంగా ఉన్నాము.