శ్రీనాథుడు మింగలేని ముద్ద

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని తేల్చి చెప్పింది. దాని మీద మాట్లాడగల పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. నేను వైద్యుణ్ణి కాను. సాగర్ కాలువల శాఖలో ముప్పై అయిదేళ్లు గుమస్తాగా పనిచేసినవాణ్ణి. కనుక నా అనుభవంలోని ఒక్క విషయమే మనవి చేస్తాను. చిన్నప్పటి నుంచి అసహ్యించుకున్న తిండిని అరవై దాటాక ఇష్టంగా తినడం ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఆ తిండి జొన్న.

జొన్నను తిట్టినవారిలో నేను మొదటివాణ్ణి కాను. పదిహేనో శతాబ్దంలోనే శ్రీనాథ మహాకవి మన పల్నాటి సీమకు వచ్చి విసుక్కున్నాడు. ఎటు చూసినా జొన్నకలి, జొన్న అంబలి, జొన్నన్నమేగాని సన్నన్నం జాడే లేదని ఆయన పేర చాటుపద్యం ఉంది. మరో చాటువులో శ్రీకృష్ణుడికే సవాలు విసిరాడు. పూతన విషం తాగావు, కార్చిచ్చు మింగావు, సరే, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మింగు చూద్దాం అని దాని సారాంశం. రాజాస్థానాల్లో సన్నబియ్యం తిన్న నాలుక ఆయనది. ఆ పద్యాలు చదివి నవ్వుకున్న రోజుల్లో, పోనీలే, నా పక్షాన అంత గొప్ప కవి ఉన్నాడు అని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి.

నా చిన్నతనంలో, అంటే 1950లలో, సత్తెనపల్లి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో వరి అన్నం పండుగ తిండి. అల్లుడు వస్తేనో, జ్వరం వస్తేనో వండేవారు. నల్లరేగడి చేలల్లో పత్తి, మిరప, జొన్న. వాన కురిస్తే పంట, లేకపోతే మంట. కృష్ణమ్మ ఆ పక్కనే పారుతున్నా మా చేలకు చుక్క రాలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ మీద ఆధారపడిన పల్లెల్లో జొన్నచేలు కొన్ని వరిమళ్లయ్యాయి, మిగిలినవాటిని పత్తి, మిరప ఆక్రమించాయి. 1983లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేద ఇంట్లోనూ తెల్లన్నం ఉడికింది. జొన్న పశువుల మేతగా మిగిలింది. ఆ మార్పు మంచిదే. ఆకలి తెలిసినవాడెవడూ తెల్లన్నాన్ని తిట్టడు. పైగా ఆ కాలువ కాగితాలు రాసే నేను అసలే తిట్టకూడదు.

అయితే నాకు జొన్న మీద ఉన్న అసహ్యం నాలుకది కాదు, సిగ్గుది. తొమ్మిదో తరగతిలో రోజూ మా ఊరి నుంచి సత్తెనపల్లికి నడిచి వచ్చి చదువుకునేవాణ్ణి. అమ్మ మూతగిన్నెలో జొన్న సంకటి, గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చేది. బస్తీ పిల్లలు తెల్లన్నం విప్పుకుంటుంటే నా గిన్నె మూత తియ్యడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ఒకరోజు దారిలో వాగు దగ్గర ఆగి ముద్ద నీళ్లలో పడేశాను. రెండోరోజూ అంతే. నాలుగోరోజు మా పాలేరు చూశాడు. ఇంట్లో చెప్పాడు. అమ్మ ఒక్కమాట అనలేదు. మర్నాటి నుంచి నా గిన్నెలో వరి అన్నం ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత మా మేనత్త చెప్పింది: మిరప కోతలకు పరాయి చేలకు వెళ్లి, ఆ కూలికి బదులు బియ్యం కొలిపించుకునేదట. తను మాత్రం జొన్నే తినేది.

ఉద్యోగం వచ్చాక మా ఇంట్లో జొన్న గింజ కనిపించకూడదని శాసనం చేశాను. అది నలభై ఏళ్లు అమలయింది.

2012లో షుగరు బయటపడింది. డాక్టరుగారు మాత్రలు రాసి, రాత్రిపూట అన్నం తగ్గించి జొన్నరొట్టె గాని, సంకటి గాని తినమన్నారు. "ఇంకేదైనా చెప్పండి" అన్నాను. ఆయన నవ్వి, "కాకరకాయ రసం చెప్పనా?" అన్నారు.

మొదటి రోజు మా ఇంటావిడ జొన్నరవ్వను కుక్కర్లో పడేసి దించింది. ఆమెకూ వండటం రాదు, నేను వండనిస్తేగా! గొంతులో గరగర. కంచం తోసేశాను. వారం తర్వాత మాచర్ల నుంచి మా వదినగారు వచ్చి చూసి, "తప్పు జొన్నది కాదు మరిదీ, వండటానిది" అంది. రవ్వను రాత్రే నానబెట్టాలి. ఒక గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల ఎసరు. సన్నని సెగ మీద తెడ్డుతో తిప్పుతూ మెత్తగా ఉడకనిచ్చి, దించాక కాసేపు మూతపెట్టి ఉమ్మగిలనివ్వాలి. రొట్టెకయితే పిండిలో మరిగే నీళ్లు పోసి, వేడి మీదే మర్దించాలి. గోధుమలో ఉండే జిగురు జొన్నలో లేదు కనుక చన్నీళ్లతో కలిపితే రొట్టె విరుగుతుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయాలి.

మా ఇంటావిడ ఇంకో షరతు పెట్టింది. "ఏమండీ, మందు మింగినట్టు తినకండి. ఆకలి మీద మొదట ఒక్క ముద్ద తినండి. తర్వాత మీ అన్నం మీరు తినండి. నేనేం అడగను." ఆ ఒక్క ముద్దలోకి పండుమిరపకాయ పచ్చడి, పైన నాలుగు చుక్కల నెయ్యి. గుమస్తా బుద్ధి కదా, తిన్న రోజల్లా క్యాలెండరులో టిక్కు పెట్టాను. ఆరో టిక్కుకు తిట్టుకోవడం మానేశాను. పదో టిక్కుకు రెండో ముద్ద తీసుకున్నాను. పద్నాలుగోనాడు ఆమె ఊళ్లో లేదు. మా కోడలు అన్నం వడ్డిస్తే, "సంకటి లేదా?" అని నేనే అడిగాను. అడిగాక నాకే ఆశ్చర్యం వేసింది. నమలగా నమలగా జొన్నలో చివర వచ్చే ఆ సన్నని తీపి అంతవరకూ నాకు తెలియనే తెలియదు.

ఇది నా ఒక్కడి వింత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1980లలో చిన్నపిల్లల మీద పరిశీలనలు చేశారు. కొత్త తిండిని ఎన్నిసార్లు రుచి చూస్తే అంత ఇష్టం పెరుగుతుందని తేలింది. ఒకటి రెండుసార్లు చాలవు, పది పదిహేను సార్లు పట్టవచ్చు. ఆమె చెప్పిన ఇంకో సంగతి తాతయ్యలు, అమ్మమ్మలు గుర్తుంచుకోవాలి. "ఇది తింటే అది ఇస్తా" అని లంచం పెడితే పిల్లలకు ఆ తిండి మీద ఇష్టం తగ్గుతుందట.

అంత దూరం ఎందుకు, మన గుంటూరు మిరపకాయనే చూడండి. అది మన నేల పుట్టుక కాదు. అమెరికా ఖండాల నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన కారం మిరియాలదే. మిరపలోని కాప్సైసిన్ నాలుక మీద వేడిని గుర్తించే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, అందుకే మండుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అంటే కారం రుచి కాదు, నొప్పి. పుట్టిన ఏ బిడ్డా దాన్ని ఇష్టపడడు. అయినా మన సీమలో ప్రతి బిడ్డా నేర్చుకుంటాడు. నొప్పినే ఇష్టపడటం నేర్చుకున్న జాతి, జొన్నముద్దను నేర్చుకోలేదా?

జొన్న సంజీవని అని మాత్రం నేను చెప్పను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక, ఇవి తింటే షుగరు పోతుందని చెప్పేవారు ఎక్కువయ్యారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపు. ఇనుము జొన్నలో 4 మిల్లీగ్రాముల దాకా ఉంటే, బియ్యంలో ఒకటి కూడా లేదు. కాని పిండిపదార్థం రెండింటిలోనూ దండిగానే ఉంది. కనుక నాలుగు రొట్టెలు లాగించి షుగరు పెరిగిందంటే జొన్న తప్పు కాదు. మాత్రలు మానకూడదు. పచ్చడిలో ఉప్పు ఉంటుంది, బి.పి. ఉన్నవారు చూసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ రుచి, వాసన మందగిస్తాయి గనుక మనకు ఉప్పు చాలనట్టే ఉంటుంది, మోసపోకూడదు. 1960లో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా గారలు, జొన్నే ప్రధానాహారంగా బతికే హైదరాబాదు ప్రాంతపు పేదల్లో పెల్లాగ్రా వ్యాధి వస్తోందని వెల్లడించారు. ఏ ధాన్యమైనా పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడుంటేనే భోజనం అవుతుంది.

చివరగా ఒక్కమాట. ఇది చెప్పడానికే ఇంతసేపు మాట్లాడాను.

1993లో వానాకాలంలో అమ్మ మా క్వార్టర్సులో ఉంది. పళ్లు పోయాయి. ఒక సాయంత్రం, "నాయనా, ఒక్క ముద్ద జొన్న సంకటి తినాలని ఉందిరా" అంది. "ఇప్పుడు మనకేం ఖర్మ, సన్నబియ్యం తింటుంటే? పక్కింటివాళ్లు వింటే నవ్వుతారు" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. మరుసటి ఏడాది పోయింది. అప్పుడు ఆమె అడిగింది పేదరికాన్ని కాదు, తన రుచిని. అది నాకు పద్నాలుగో టిక్కు నాడుగాని అర్థం కాలేదు.

ఇప్పుడు ఏటా అమ్మ తిథినాడు విస్తట్లో అన్నం పక్కన జొన్న సంకటి ముద్ద, గోంగూర పచ్చడి పెట్టిస్తున్నాను. మొదటిసారి పురోహితుడుగారితో, "శాస్త్రం ఒప్పుతుందా?" అని అడిగాను. "ఆవిడకు ఇష్టమేనా?" అన్నారు. అవునన్నాను. "అయితే పెట్టండి" అన్నారు. అంతమాత్రాన నా బాకీ తీరిందని అనుకోవడం లేదు.

అందుకని సభలో ఉన్న పిల్లలకు, కోడళ్లకు, అల్లుళ్లకు నా మనవి. మీ ఇంట్లో పెద్దవారు పాతకాలపు తిండి ఏదైనా అడిగితే, అది మీకు నచ్చకపోయినా, ఆ పూటే వండి పెట్టండి. వీలుంటే పక్కన కూర్చుని మీరూ ఒక్క ముద్ద తినండి. తోటి పెన్షనర్లకు కూడా ఒక మనవి. డాక్టరు చెప్పిన తిండి ఒక్కరోజు తిని "నాకు పడదు" అనకండి. పద్నాలుగు టిక్కులయినా పెట్టి చూడండి.