అమ్మ గుండె మాట కూడా మాట్లాడుకుందాం



ఆగస్టు 9 వస్తే మనం భూమి గురించి, భాష గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. ఈ రోజు మాత్రం మనం ఎప్పుడూ ఎత్తని మాట ఒకటి ఎత్తుదాం. ముట్లుడిగిన తర్వాత మన అమ్మల గుండెకు ఏమవుతుంది? ఇది సిగ్గుపడే విషయం కాదు, నవ్వుకునే విషయం అంతకన్నా కాదు.

నిరుడు దాకా థింసా వరుసలో ముందు నిలబడిన పెద్దమ్మ, ఈ ఏడు నాలుగు అడుగులేసి ఆయాసపడి పక్కన కూర్చుంటుంది. వయసు మీద పడిందిలే అనుకుంటాం. వయసే కావచ్చు, గుండె కూడా కావచ్చు.

ఆడవాళ్ల అండాశయాల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది బిడ్డలను కనడానికి మాత్రమే కాదు. రక్తనాళాలు బిగుసుకుపోకుండా మెత్తగా సాగేలా చూస్తుంది. చెడు కొలెస్ట్రాల్‌ను అదుపులో ఉంచుతుంది. అందుకే ఆడవాళ్లకు గుండెజబ్బు మగవాళ్లకన్నా సుమారు పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు ముట్లు ఆగిపోతాయి. అప్పుడు ఈస్ట్రోజన్ పడిపోతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, బీపీ మొదలవుతుంది. కాపలా తగ్గిన చేనులో పందులు పడ్డట్టే.

మరి ఆ హార్మోన్‌ను మాత్రల్లో మింగితే సరిపోదా అని మీరు అడగవచ్చు. అమెరికాలో 16 వేల మందికి పైగా మహిళలతో ఈ పరీక్ష చేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన ఆ పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరగడమే కారణం. తర్వాత తేలిందేమిటంటే, 60 ఏళ్లలోపు, ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టినవారికి ముప్పు తక్కువ. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి ఎక్కువగా ఉంటే డాక్టరు చూసి ఇవ్వవచ్చు. గుండెను కాపాడటానికని మాత్రం ఆ మాత్రలు వాడరు.

ఇప్పుడు మన ఇళ్లకు దగ్గరి సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. నిజంగా అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి. కానీ తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో ముప్పై ఏళ్లకే గర్భసంచితోపాటు అండాశయాలూ తీయిస్తే, కాపలా పదిహేనేళ్లు ముందే పోయినట్టు. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే వయసు కొంత ముందుకు జరగవచ్చు. అందుకే అక్కకో వదినకో ఆపరేషన్ అని చెబితే మనం మూడు ప్రశ్నలు అడగాలి: ఎందుకు తీయాలి? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? రెండో డాక్టరుకు చూపించడం తప్పు కాదు.

పొగాకూ అంతే. మన అవ్వలు చుట్టను అడ్డపొగ తాగుతారు. పొగ తాగేవారికి ముట్లు ఒకటి రెండేళ్లు ముందే ఆగుతాయి. రక్తనాళాలు ఎలాగూ చెడతాయి.

ఆడవాళ్లకు గుండెపోటు వస్తే ఛాతీ నొప్పితోపాటు, కొన్నిసార్లు అది అంతగా లేకుండానే, ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి, చల్లచెమట, ఎన్నడూ లేని నీరసం కనిపిస్తాయి. గ్యాస్ అని సోడా పట్టి పడుకోబెట్టకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి. రోడ్డు లేని గూడెమైతే డోలీ కట్టే మనుషులు ఎవరో, సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ముందే అనుకుని ఉంచండి. కొండ దిగేసరికి గంటలు పోతాయి, గుండెకు అంత వ్యవధి ఉండదు.

చివరిగా మనం చేయగలిగేది. నలభై దాటిన అమ్మను, అత్తను, పెద్దమ్మను సబ్ సెంటరుకు తీసుకెళ్లి బీపీ, షుగర్ చూపిద్దాం. బీపీ మాత్ర ఇస్తే, బాగుందని మధ్యలో మానేయకుండా గుర్తుచేద్దాం. సంతలో కొనే వేపుళ్లు, ఉప్పు తగ్గించి, ఇంట్లో చోడి అంబలిని, కొండ కూరలను మళ్లీ నిలుపుదాం. మన చదువు ముందు ఇంట్లో అమ్మకు పనికిరావాలి.

వచ్చే పండుగకు ఆ పెద్దమ్మ మళ్లీ థింసా వరుసలో ఉండాలి. ఆమె చేయి పట్టుకుని మనమూ ఆడాలి.

జై ఆదివాసీ!