జపాను లిపిలో మన పేరు

పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి పోయే దారిలో, రుద్రారం దాపున, లక్డారం అనే గ్రామమున్నది. ఆ ముందు కందిలో ఐ.ఐ.టి. విద్యాప్రాంగణమున్నది. 2008లో ఏర్పడిన ఆ సంస్థ జపాను ప్రభుత్వ సహకారంతో పెరిగినది. కనుక ఈ ప్రాంతపు పిల్లలు చదువుకో, ఉద్యోగానికో జపానుకు పయనం కావడం వింత కాదు. లక్డారం నుండి స్వాతి అనే అమ్మాయి బయలుదేరినదనుకొందాము. అక్కడ ఆమెకు ఎదురయ్యే తొలి ప్రశ్నలలో ఒకటి: “మీ పేరు మా లిపిలో ఎట్లా వ్రాయవలె?”

ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. కృష్ణాతీరపు నాగార్జునకొండ ఎవరి పేర వెలసినదో ఆ ఆచార్య నాగార్జునుణ్ణి జపానువారు ‘ర్యూజు’ అంటారు. చైనా పండితులు అర్థాన్ని పట్టుకొని, నాగ శబ్దానికి మహాసర్పాన్నీ, అర్జున శబ్దానికి చెట్టునూ తెలిపే రెండు అక్షరాలు వ్రాసినారు. జపానువారు వాటిని తమ రీతిలో చదివినారు. అర్థం నిలిచినది, ధ్వని పోయినది. 736లో జపాను చేరి, 752లో నారా నగరపు మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసిన భారతీయ భిక్షువు బోధిసేనుడు మాత్రం ‘బోదైసెన్న’ అయినాడు. అక్కడ పట్టుకొన్నది ధ్వనిని.

నేడు విదేశీయుల పేర్లకు వాడే ‘కతకన’ కూడా ధ్వనిని వ్రాసే లిపియే. దాని వరుస వినండి: అ, ఇ, ఉ, ఎ, ఒ, క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల పోలిక తెలియడం లేదూ? బౌద్ధభిక్షువులు అభ్యసించిన సంస్కృత వర్ణక్రమమే దానికి ఆధారం. ఒక్క అనునాసికం తప్ప ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది. ల-ర భేదం లేదు, మహాప్రాణాలు లేవు. అందువలన లక్డారం ‘రకుదారము’ అవుతుంది. చివరి ‘ము’ అచ్చముగా మన గ్రాంథిక రూపమే!

అజంత భాషయైన తెలుగుకు ఈ లిపి అంత పరాయిది కాదు. చిక్కు ఇంగ్లీషు స్పెల్లింగుతో వస్తుంది. స్వాతిలోని ‘తి’ని మనము టి, హెచ్, ఐ అని వ్రాస్తాము. అక్కడి గుమాస్తా దానిని ఇంగ్లీషు ఉచ్చారణగా భావిస్తే ‘స’ వరుసలో చేరుస్తాడు; స్మిత్ అనే పేరు అక్కడ ‘సుమిసు’ కదా! అప్పుడు స్వాతి ‘సువాషి’ కావచ్చు. పేరు పలికి వినిపిస్తే, ‘తె’ ప్రక్కన చిన్న ‘ఇ’ చేర్చి, ‘సువాతి’ అని చక్కగా వ్రాయగలడు.

ఇది కేవలం వినోదం కాదు. అక్కడి బ్యాంకులలో ఖాతాదారు పేరును కతకనలో నమోదు చేస్తారు. ఖాతాలో ఒక రూపము, జీతపు కాగితంలో మరొక రూపము ఉంటే సొమ్ము నిలిచిపోవచ్చు. కావున ప్రయాణానికి ముందే, భాష తెలిసినవారికి పేరు పలికి వినిపించి, ఒక్క రూపం నిశ్చయించుకొని, అన్ని పత్రాలలోనూ దానినే వ్రాయించవలె.

బారసాలనాడు తండ్రి బియ్యంలో వ్రాసిన పేరు అది. దేశం మారి, లిపి మారినా, ఎవరైనా పిలిచినప్పుడు మన బిడ్డ వెనుదిరిగి చూడగలిగితే చాలును.